ఆగాలంటే కిలోమీటరు ముందే తెలియాలి



ఎక్కడో రెండు రైళ్లు ఢీకొన్నాయన్న వార్త రాగానే టీకొట్టు దగ్గరైనా, ఇంట్లో టీవీ ముందైనా మొదట వినపడే మాట ఒకటుంది. "ఎదురుగా అంత పెద్ద బండి ఉంటే డ్రైవరుకు కనపడలేదా? బ్రేకు వెయ్యలేకపోయాడా?" అలా అడగడంలో తప్పేమీ లేదు. మనమంతా రోడ్డు మీద తిరిగేవాళ్లం. కంటితో చూడటం, కాలితో బ్రేకు తొక్కడం, బండి ఆగడం, ఇదే మనకు తెలిసిన పద్ధతి. రైలు అలా నడవదు. అది చూసి ఆపగలిగిన బండి కాదు. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే సిగ్నల్ ఎందుకు పుట్టిందో, రైళ్లు ఎందుకు ఢీకొంటాయో చాలావరకు తెలిసిపోతుంది. ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు చిన్న లెక్క. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఎక్స్‌ప్రెస్ ఒక్క సెకనులో 30 మీటర్లు దాటిపోతుంది. అంటే ఒక పెట్టె పొడవు కంటే ఎక్కువ. లోకో పైలట్, అంటే ఇంజన్ డ్రైవరు, ఎమర్జెన్సీ బ్రేకు వేశాడనుకోండి. బండి వేగం ప్రతి సెకనుకూ గంటకు 2 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. నిండా జనం ఉన్న పొడుగాటి బండికి ఇది సబబైన అంచనాయే. 110 నుంచి సున్నాకు రావడానికి 55 సెకన్లు పడుతుంది. ఆ 55 సెకన్లలో బండి దాదాపు 840 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లడానికీ, బ్రేకు అన్ని పెట్టెలకూ పట్టుకోవడానికీ మరో మూడు నాలుగు సెకన్లు. అంటే ఇంకో 100 మీటర్లు. మొత్తం 940. కిలోమీటరుకు కాస్త తక్కువ.

వేగం 130 అయితే ఇదే లెక్కన బ్రేకు పట్టాక పోయే దూరమే 1,170 మీటర్లు దాటుతుంది. అదే వేగం సగానికి, అంటే 55కి తగ్గితే? దూరం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 210 మీటర్లు. ఈ నాలుగో వంతు సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

బ్రేకు ఇంకా గట్టిగా వెయ్యవచ్చు కదా అంటే, వెయ్యకూడదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లుతోంది. రెండూ ఆనుకునే చోటు రూపాయి బిళ్లంత. పొడి రోడ్డు మీద రబ్బరు టైరుకు దొరికే పట్టులో సగం కూడా ఇక్కడ దొరకదు. వాన పడినా, పట్టా మీద నూనె కారినా, ఆకులు నలిగి జిగురైనా అది ఇంకా పడిపోతుంది. పట్టుకు మించి బ్రేకు బిగిస్తే చక్రం తిరగడం మానేసి జారుతుంది. అప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుందే గాని తగ్గదు. 58 వ్యాగన్లలో బొగ్గో ఇనుప ఖనిజమో నింపితే గూడ్సు బరువు 5 వేల టన్నులు దాటుతుంది. అంత బరువును ఒకటి రెండు ఇంజన్లు లాగగలుగుతున్నాయంటే ఈ నునుపు వల్లే. ఆ బరువు ఆగనంటుందంటే అదీ ఈ నునుపు వల్లే.

బ్రేకు సంగతీ కొంచెం చెప్పాలి. ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా ఒక గొట్టం ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపి ఉంచుతారు. గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి. లోకో పైలట్ ఆ గాలిని వదిలితే బ్రేకులు పట్టుకుంటాయి. మనం పెట్టెలో చైను లాగినప్పుడు జరిగేదీ ఇదే, గాలి బయటికి పోతుంది. ఇందులో గొప్పతనం ఏమిటంటే గొట్టం తెగినా, బండి మధ్యలో రెండుగా విడిపోయినా, ఎవరూ ఏమీ చెయ్యకుండానే రెండు ముక్కలూ వాటంతట అవే ఆగిపోతాయి. చిక్కల్లా ఒక్కటే. గాలి ఒత్తిడి పడిపోవడమనేది ఇంజన్ దగ్గర మొదలై పెట్టె తరువాత పెట్టెగా వెనక్కి పాకాలి. ఆరు వందల మీటర్లు దాటిన గూడ్సులో అందుకు కొన్ని సెకన్లు పడుతుంది.

గొట్టం తెగితే బండి ఆగాలన్న ఈ నియమం తేలిగ్గా రాలేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, బడిపిల్లలతో విహారయాత్రకు బయలుదేరిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. బండిని రెండు భాగాలు చేసి, ముందు భాగాన్ని పైకి తీసుకుపోదామనుకున్నారు. విడదీసిన వెనక పెట్టెలకు ఇంజన్ నుంచి అందే బ్రేకు లేకుండా పోయింది. ఎందుకంటే ఆనాటి ఆ బ్రేకు ఇంజన్‌తో సంబంధం ఉంటేనే పనిచేసేది. పెట్టెలు పల్లానికి జారి, వెనక వస్తున్న మరో రైలును గుద్దుకున్నాయి. దాదాపు 80 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. ప్రయాణికుల బండ్లకు తనంతట తాను పట్టుకునే బ్రేకు, ఒక బ్లాకులో, అంటే దారిలోని ఒక్కో ముక్కలో, ఒకే బండి, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లకూ సిగ్నల్‌కూ మధ్య తాళం, ఈ మూడూ తప్పనిసరి అయ్యాయి. ఈనాటికీ ప్రపంచంలో ఏ రైల్వే భద్రతకైనా పునాది ఆ మూడే.

ఇప్పుడు కంటి సంగతికి వద్దాం. రాత్రిపూట ఇంజన్ హెడ్‌లైటు వెలుగులో ముందు ఉన్నది స్పష్టంగా కనిపించేది సుమారు 300 మీటర్ల మేర. మలుపు ఉంటే అంత కూడా ఉండదు. ఆగడానికి కావలసింది 940. కనిపించేది 300. మిగిలిన 640 మీటర్లలో లోకో పైలట్ గుడ్డివాడే. ఆ గుడ్డితనాన్ని పూడ్చడానికే సిగ్నల్ ఉంది. ముందున్న దారిని తన కళ్లతో చూడలేని మనిషికి, దారి ఖాళీగా ఉందో లేదో కిలోమీటరు ముందే మాట ఇచ్చేది ఆ దీపం. లోకో పైలట్ ఆ మాట నమ్మి బండి నడుపుతాడు. అతన్ని నమ్మి మనం వెనక పడుకుని నిద్రపోతాం.

(ఇక్కడే ఒక విన్నపం. గేటు పడ్డాక దాని కింద నుంచి దూరి పట్టాలు దాటేవాళ్లు, బండి ఇంకా దూరంగానే ఉంది కదా అనుకుంటారు. లోకో పైలట్‌కు మీరు కనిపించే ఉంటారు. అయినా అతని చేతిలో ఉన్నది హారన్ ఒక్కటే.)

ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగమంటే, ఆ ఎర్రదీపం కనపడ్డాక ఆగడం కుదరదు. అందుకే ముందుగా హెచ్చరించే సిగ్నల్ పెట్టారు. దాన్ని డిస్టెంట్ అంటారు. ఆగవలసిన మొదటి సిగ్నల్‌కు ఇది కిలోమీటరు ముందు ఉంటుంది. వేగం ఎక్కువున్న మార్గాల్లో రెండు కిలోమీటర్ల ముందు ఇంకొకటి ఉంటుంది. పచ్చదీపమంటే సాగిపో. రెండు పసుపు దీపాలంటే తరువాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధపడు. ఒక పసుపు అంటే తరువాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడు. ఎరుపు అంటే ఆగు. ఆ కిలోమీటరు ఎవరికో తోచిన అంకె కాదు, మనం ఇందాక వేసిన బ్రేకు లెక్కలోంచి వచ్చిందే. దారిలో బండి అనుకోకుండా ఆగిపోతే గార్డు వెనక్కి నడిచి, 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర మూడు డిటొనేటర్లు పట్టాకు బిగించాలని పాత నియమం. వెనక వచ్చే బండి చక్రం కింద అవి పేలితే ఆ లోకో పైలట్ ఆపుతాడు. ఈ 1,200 ఎక్కడ నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఎర్రదీపం దాటిన తరువాత కూడా కొంత దారిని ఖాళీగా ఉంచుతారు. కొన్నిచోట్ల 120 మీటర్లు, కొన్నిచోట్ల 180. కాస్త జారి ముందుకు వచ్చినా ఏమీ కాకుండా. దీన్ని ఓవర్‌లాప్ అంటారు. అయితే మన లెక్కలో చూస్తే 120 మీటర్లలో ఆగగలిగేది గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి మాత్రమే. పసుపు దీపాన్ని చూసి వేగం తగ్గించినవాడి చిన్న పొరపాటును ఓవర్‌లాప్ కాస్తుంది. పసుపునే చూడనివాణ్ని కాయలేదు.

ఇక ఒక బ్లాకులో ఒకే బండి అన్న నియమం. పాతకాలంలో సింగిల్ లైన్ స్టేషన్లలో, పెద్ద రింగుకు సంచీ కట్టి అందులో ఇనుప బంతిని పెట్టి కదిలే ఇంజన్‌కు అందించడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ బంతి చేతిలో ఉన్న డ్రైవరుకే తరువాతి స్టేషన్ దాకా దారి. ఒక బంతి బయట ఉండగా యంత్రం రెండో బంతిని ఇవ్వదు. చివరి పెట్టె వెనక కనిపించే పెద్ద ఎక్స్ గుర్తు, ఎల్‌వి అని రాసిన పలక, రాత్రిపూట ఎర్రదీపం కూడా ఆ నియమం కోసమే. స్టేషన్ సిబ్బంది ఆ గుర్తు చూసి, బండి ముక్క కాకుండా మొత్తం వచ్చిందని తేల్చుకున్నాకే వెనక స్టేషన్‌కు లైన్ క్లియర్, అంటే తరువాతి బండిని పంపడానికి అనుమతి, ఇవ్వాలి. అది సరిగా తేల్చుకోకపోతే ఏమవుతుందో 1995 ఆగస్టు 20న ఫిరోజాబాద్‌లో చూశాం. పశువును గుద్ది ఆగిపోయిన కాళింది ఎక్స్‌ప్రెస్ ఇంకా లైను మీదే ఉండగా వెనక పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చారు. 300 మందికి పైగా పోయారు.

ఇప్పుడు చాలా చోట్ల ఆ పని మనిషి కంటికి వదలలేదు. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పంపిస్తారు. బండి వస్తే చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలను కలిపేస్తాయి, అవతలి రిలేకు కరెంటు అందదు, సిగ్నల్ ఎరుపుకు మారిపోతుంది. పట్టా విరిగినా కరెంటు అందదు, అప్పుడూ ఎరుపే. తీగ తెగినా ఎరుపే. చెడిపోవడమంటూ జరిగితే భద్రత వైపే చెడిపోవాలన్నది సిగ్నల్ ఇంజనీర్ల ప్రాణసూత్రం. ఇంత చక్కటి ఆలోచన ఇంజనీరింగ్‌లో చాలా అరుదని నా నమ్మకం.

మరి ఇన్ని ఉండగా బండ్లు ఎందుకు గుద్దుకుంటున్నాయి? మూడు చోట్ల మాట తప్పుతుంది. సిగ్నల్ నిజం చెప్పినా మనిషి వినకపోవచ్చు. సిగ్నల్ చెడిపోయి, దాని బదులు కాగితం మీది నియమంతో బండి నడపవలసి రావచ్చు. మూడోది అన్నిటికన్నా భయంకరం, సిగ్నలే అబద్ధం చెప్పవచ్చు. ఈ మూడింటినీ మన దగ్గరా, మన పక్కనా ఈ పదిహేనేళ్లలోనే చూశాం.

మొదటిది పెనుకొండ. 2012 మే 22, తెల్లవారుజాము మూడు దాటింది. హుబ్లీ నుంచి బెంగళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్‌ను దాటి వచ్చి, స్టేషన్‌లో నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. ఇంజన్ వెనక పెట్టె నుజ్జయి మంటలు అంటుకున్నాయి. 25 మంది చనిపోయారు. ఆగు అన్న సిగ్నల్‌ను దాటిపోవడాన్ని రైల్వేవాళ్లు స్పాడ్ అంటారు. ఆ మాట వింటేనే లోకో పైలట్లకు గుండె ఝల్లుమంటుంది, ఉద్యోగం మొత్తం దాని మీద ఆధారపడి ఉంటుంది మరి. అయినా జరుగుతుంది. గంటలు గడిచిన కొద్దీ ఒకదాని తరువాత ఒకటిగా పచ్చదీపాలే చూసిన కన్ను, పసుపును కూడా పచ్చగా చదివేసే ఘడియ ఒకటి వస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మనిషి ఒళ్లు నిద్రను కోరుతుంది. ఇంజన్‌లో ఇద్దరుంటారు. ప్రతి సిగ్నల్‌నూ చేత్తో చూపిస్తూ, రంగు ఏమిటో ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. లోకో పైలట్ మెలకువగా ఉన్నాడో లేదో చూసే పరికరం ఒకటి ఉంది. దాదాపు నిమిషం పాటు అతని చేతులు ఏమీ కదలకపోతే హెచ్చరిస్తుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకు వేస్తుంది. మంచిదే. కాని సగం నిద్రలో కూడా మీట నొక్కేవాళ్లుంటారు. పైగా ఆ పరికరానికి ముందున్న సిగ్నల్ రంగు ఏమిటో తెలియదు.

రెండోది కంటకాపల్లి. 2023 అక్టోబర్ 29, ఆదివారం, రాత్రి ఏడు గంటల ప్రాంతం. విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖపట్నం–పలాస ప్యాసింజర్ ముందు వెళ్తోంది. అదే లైనులో వెనక విశాఖపట్నం–రాయగడ ప్యాసింజర్. ఆ మార్గంలో, బండి రాకపోకలను బట్టి తమంతట తామే రంగు మారే ఆటోమేటిక్ సిగ్నళ్లు ఉన్నాయి. వాటిలో కొన్ని ఆ రోజు చెడిపోయాయి. రాయగడ బండి చెడిపోయిన రెండు సిగ్నళ్లను నియమం పాటించకుండా దాటి, ముందు బండిని వెనక నుంచి గుద్దిందని ప్రాథమిక విచారణ చెప్పింది. 14 మంది మరణించారు. రాయగడ బండి నడిపినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆటోమేటిక్ సిగ్నల్ ఎరుపు చూపిస్తే బండి అక్కడ శాశ్వతంగా ఆగిపోనక్కర్లేదు. పగలైతే ఒక నిమిషం, రాత్రైతే రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాత గంటకు 10, 15 కిలోమీటర్లకు మించకుండా, తరువాతి సిగ్నల్ దాకా జాగ్రత్తగా పోవచ్చు. లేకపోతే ఒక దీపం చెడిపోయిన ప్రతిసారీ బండ్లన్నీ నిలిచిపోతాయి. మరి 10 ఎందుకు, 40 ఎందుకు కాదు? వేగం సగమైతే దూరం నాలుగో వంతన్న లెక్క గుర్తుంది కదా. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక బండి పోయేది 7 మీటర్లు. తడబాటుకూ, బ్రేకు పట్టే ఆలస్యానికీ ఇంకొంత కలుపుకున్నా ఒక పెట్టె పొడవులో ఆగిపోతుంది. అంటే మలుపులోనైనా, చీకట్లోనైనా రైలును కంటితో చూసి కచ్చితంగా ఆపగలిగేది అంత తక్కువ వేగంలోనే. సిగ్నల్ చూపు పోయినప్పుడు మనిషి చూపుతో నడవాలి, మనిషి చూపుకు అందే వేగంతోనే నడవాలి. ఆ నియమం వెనక ఉన్నది పై అధికారి పట్టుదల కాదు, ఉక్కు చక్రం మీది లెక్క.

అయితే ఈ నియమంలోనే ఒక గోతి ఉంది. సిగ్నల్ చెడిపోయినా ఎరుపే, ముందు బండి ఉన్నా ఎరుపే. రెండూ ఒకే దీపం. పొద్దుటి నుంచి చెడిపోయి ఉన్న సిగ్నల్ దగ్గరికి వచ్చిన మనిషి, ఇదీ చెడిపోయిన ఎరుపే అనుకోవడం ఎంత తేలికో చూడండి. వంద ఎరుపుల్లో తొంభైతొమ్మిది ఉత్తివే కావచ్చు. నూరోదాని అవతల ఒక బండి వెనక పెట్టె ఉంటుంది, అందులో కూలిపని చేసుకుని ఊరికి పోయేవాళ్లుంటారు. అందుకని చెడిపోయిన సిగ్నల్‌ను ఎంత త్వరగా బాగు చేస్తామన్నది బండ్ల ఆలస్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, నేరుగా ప్రాణాల ప్రశ్న.

దీనికి ఏడు నెలల తరువాత, 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లో రంగాపాని దగ్గర ఇంచుమించు ఇదే జరిగింది. ఆటోమేటిక్ సిగ్నళ్లు పొద్దుటే చెడిపోయాయి. వాటిని దాటి వెళ్లడానికి స్టేషన్ నుంచి కాగితం ఇచ్చారు. ఆ కాగితంతో వెళ్లిన గూడ్సు, ముందున్న కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గుద్దింది. కనీసం 10 మంది పోయారు, గూడ్సు లోకో పైలట్ కూడా. చనిపోయిన ఆ మనిషి మీద ఆ రోజే తప్పు వేశారు, సిగ్నల్‌ను లెక్కచెయ్యలేదని. తరువాత రైల్వే భద్రతా కమిషనర్ విచారించి తేల్చింది వేరు. ఇచ్చిన కాగితమే సరైనది కాదు, ఎంత వేగంతో వెళ్లాలో అందులో లేదు, సిగ్నళ్లు చెడిపోయినప్పుడు ఏం చెయ్యాలో లోకో పైలట్లకూ స్టేషన్ మాస్టర్లకూ సరిగా నేర్పలేదు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద తొందరపడి నింద వెయ్యడం నన్ను ఎంతో బాధపెట్టింది. అది అన్యాయం మాత్రమే కాదు, అపాయం కూడా. దోషి దొరికాడనుకుంటే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

మూడోది ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్. 2023 జూన్ 2, సాయంత్రం ఏడు కావస్తోంది. షాలిమార్ నుంచి చెన్నై వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్. విశాఖకూ, రాజమండ్రికీ, విజయవాడకూ రావలసినవాళ్లు అందులో ఎందరో. బండి గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, అది అనుమతించిన వేగమే. మెయిన్ లైనుకు పచ్చదీపం ఉంది. లోకో పైలట్ సరిగ్గానే చూశాడు, సరిగ్గానే నడిపాడు. కాని పాయింట్లు మెయిన్ లైనుకు కాకుండా, స్టేషన్‌లో బండ్లను నిలిపే లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. లూప్‌లో ఇనుప ఖనిజంతో గూడ్సు నిలబడి ఉంది. కోరమండల్ వెళ్లి దాన్ని గుద్దింది. పక్క లైనులో వెళ్తున్న బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలు కూడా అందులో చిక్కుకున్నాయి. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఆర్మా తరువాత వచ్చిన మూడు నియమాల్లో తాళం ఒకటని చెప్పాను. పాయింట్లు ఎటు తిరిగి ఉన్నాయో యంత్రం తనిఖీ చేసి, సరిగా ఉంటేనే పచ్చదీపం వెలగనిస్తుంది. బహనగాలో ఆ తాళమే మోసపోయింది. లెవెల్ క్రాసింగ్ గేటు మార్చే పనిలోనూ, అంతకుముందు ఎప్పుడో చేసిన మార్పుల్లోనూ సిగ్నల్ తీగలను తప్పుగా కలిపారని విచారణలో తేలింది. పాయింట్లు లూప్‌కు ఉన్నా, మెయిన్ లైనుకే ఉన్నాయని యంత్రానికి సమాచారం వెళ్లింది. ఆ ఏడాది ఫిబ్రవరి 8నే కర్ణాటకలోని హోసదుర్గ రోడ్ స్టేషన్‌లో ఇలాంటిదే జరిగింది, సిగ్నల్ ఒక దారి చెప్పింది, పాయింట్లు వేరే దారి చూపాయి. అక్కడ లోకో పైలట్ గమనించి ఆపడంతో ప్రమాదం తప్పింది. ఒక పెద్ద అధికారి దీని మీద హెచ్చరిస్తూ ఉత్తరం కూడా రాశారు. నాలుగు నెలలు తిరగకుండానే బహనగా. ఆ ఉత్తరాన్ని దేశంలోని ప్రతి సిగ్నల్ రూములో చదివి ఉండాల్సింది.

ఇక కవచ్, బండ్లు గుద్దుకోకుండా తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు. ఇది మన గడ్డ మీద పెరిగిన సంగతి అని చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది. రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓతో కలిసి దీన్ని తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. మొదట పరీక్షించింది లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా పంపితే, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్ 380 మీటర్ల ముందే తనంతట తాను ఆగింది.

పద్ధతి ఇదీ. స్లీపర్ల మీద బిగించిన చిన్న ట్యాగులను చదివి, తాను ఎక్కడ ఉన్నదీ ఇంజన్ తెలుసుకుంటుంది. స్టేషన్ నుంచి రేడియో ద్వారా ముందున్న సిగ్నల్ రంగు ఇంజన్ లోపలికే వస్తుంది. నా వేగం ఇంత, ఆగవలసిన చోటు ఇంత దూరం, వాలు ఇంత, ఇప్పుడు బ్రేకు వెయ్యకపోతే ఆగలేను అని మనం ఇందాక వేసిన లెక్కనే అది క్షణం క్షణం వేస్తూ ఉంటుంది. లోకో పైలట్ వెయ్యకపోతే తానే వేస్తుంది. పెనుకొండ లాంటివాటిని ఇది ఆపగలదు. కంటకాపల్లి లాంటివాటినీ ఆపగలదని నమ్మవచ్చు. కాని బహనగా లాంటివాటి విషయంలో దీని మీద పూర్తిగా ఆశ పెట్టుకోకూడదు, ఎందుకంటే కవచ్‌కు సమాచారం అందేది ఆ తాళం నుంచే. తాళమే అబద్ధమాడితే కవచ్ కూడా దాన్నే నమ్ముతుంది. కవచ్ వచ్చినా, తీగలు కలిపే మనిషి చెయ్యీ, అతని పనిని సరిచూసే రెండో కన్నూ ముఖ్యమే.

దేశంలో 68 వేల కిలోమీటర్లకు పైగా రైలు మార్గం ఉంది. 2024 చివరికి కవచ్ ఉన్నది 1,548 కిలోమీటర్లలో. అందులో ఎక్కువ భాగం మన దక్షిణ మధ్య రైల్వేలోనే. అయినా కంటకాపల్లి మార్గంలో ఆనాటికి లేదు. బహనగాలోనూ లేదు. హౌరా–చెన్నై లాంటి రద్దీ మార్గానికి అంతకుముందే రావలసింది.

లోకో పైలట్ల విశ్రాంతి మాట కూడా చెప్పి ముగిస్తాను. వరసగా రెండు రాత్రులకు మించి డ్యూటీ వెయ్యొద్దని వాళ్లు చాలా కాలంగా అడుగుతున్నారు. ఇదేదో సౌకర్యం కోసం బేరమనుకోకండి. నిద్ర లేని కంటికి పసుపు దీపం అందకపోతే, 120 మీటర్ల ఓవర్‌లాప్ మిమ్మల్నీ నన్నూ కాపాడలేదని ఇందాకే లెక్క చూశాం.

శ్రోతలారా, రైలు ప్రమాదం జరిగిన రోజు రాత్రే డ్రైవరుదే తప్పు అని ఎవరైనా చెబితే దయచేసి వెంటనే ఒప్పుకోకండి. సిగ్నల్ ఏ రంగు చూపింది? అది ఎన్ని గంటలుగా చెడిపోయి ఉంది? లోకో పైలట్‌కు అది వరసగా ఎన్నో రాత్రి? ఆ మార్గంలో కవచ్ ఉందా, లేకపోతే ఎప్పుడు వస్తుంది? ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. మీ పార్లమెంటు సభ్యుణ్ని అడగండి, ఆయన సభలో అడిగేదాకా వదలకండి. ప్రతి ప్రమాదం మీద భద్రతా కమిషనర్ ఇచ్చే నివేదికను పూర్తిగా ప్రజల ముందు పెట్టాలని, తెలుగులో కూడా పెట్టాలని కోరండి. టికెట్ కొన్న ప్రతివాడికీ అది చదివే హక్కు ఉంది.